పొట్టి తాడు

మా కాలేజీ గ్రౌండు నాలుగొందల మీటర్లు లేదు.
అటు హాస్టలు గోడ,
ఇటు పలకల ఫ్యాక్టరీ వాళ్లు చెత్తరాయి పోసిన గుట్ట.
ఉన్నదాంట్లో మేకు దిగ్గొట్టి, జనప తాడు కట్టి
వెనక్కి నడుస్తా సున్నం జార్చేవాణ్ణి.
వానకు తడిస్తే తాడు పొట్టిదయ్యేది.
ఆ సంగతి ఎవరికీ చెప్పలా.
ఏటికేడాది వంపు బిగుసుకుంది.

దీవెనమ్మ ఫస్టియర్లో వచ్చింది, తర్లుపాడు రోడ్డు పిల్ల.
వాళ్లమ్మ పలకల అంచులు అరగదీసేది,
పొద్దుగూకేసరికి కనురెప్పలు కూడా బూడిదరంగు.
మొదటి రోజు
చెప్పులు చేత్తో పట్టుకొని పరిగెత్తింది, ఎవరన్నా ఎత్తుకుపోతారని.
తిరుపాలు సారు వాచీ చూశాడు, ఆడించాడు,
చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు.
మళ్లీ పరిగెత్తమన్నాడు.
ఈసారి చెప్పులు నాకిచ్చింది.

ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది రెండు. ఇరవై ఏడు తొమ్మిది.
సారు పలక పెచ్చు మీద రాసిచ్చేవాడు;
మార్కాపురంలో పలకకేం కరువు.
మర్నాడు ఉమ్మి తడిపి తుడిచేవాణ్ణి, కొత్త అంకె కోసం.
ఒకటి తుడవబుద్ధిగాక స్టోరు రూములో దాచా.
దాని మీద ఎవడో వాలీబాల్ స్కోరు రాశాడు.

రెండొందలంటే సగం వంపు, సగం తిన్నటి దారి.
తిన్నటి దారిలో ఎవరైనా పరిగెత్తుతారు.
వంపులో ఒళ్లు లోపలికి వాల్చాలి.
వాలితే పడతామని భయం,
వాలకపోతే గీత దాటేస్తాం.
ఆ పిల్ల మాత్రం
బావి గిలక మీద తాడు తిరిగినట్టు తిరిగేది.

యూనివర్సిటీ మీట్‌కి ఎవరివో స్పైకులు తెచ్చారు, ఒక సైజు పెద్దవి.
లోపల పేపరు కుక్కుకొని పరిగెత్తి
పతకంతో పాటు బొబ్బలు తెచ్చింది.
తర్వాత క్యాంపులు, రైళ్లు, హిందీ.
ఒక రాత్రి పటియాలా నుంచి ఫోను:
"అన్నా, ఇక్కడ గీతలు చెరగవు.
వానకీ చెరగవు. ఎవరూ తెల్లారుజామున లేవక్కర్లా."
సంతోషమే అన్నాను.
ఫోను పెట్టేశాక సున్నం డబ్బా వంక చూస్తా కూర్చున్నా.

దోహాలో సెమీస్.
ఒకటో లేను, ఎవరూ కోరుకోనిది, అన్నిట్లోకీ బిగువైన వంపు.
నేను లోపల నవ్వుకున్నా.
సారు సెల్‌ఫోన్ చుట్టూ పదిమందిమి, వాళ్లమ్మ కూడా.
ఆమె వంపులో వాలింది,
అప్పుడే బొమ్మ ఆగి, తెర మధ్యలో చక్రం తిరగడం మొదలెట్టింది.
ఎంతసేపో ఆమె అట్లాగే వాలి ఉంది,
పడకుండా, రాకుండా.
బొమ్మ కదిలేసరికి అందరూ మోకాళ్లు పట్టుకొని రొప్పుతున్నారు.
ఆరో స్థానం.
ఫైనలుకు సెకనులో వందో వంతులు పదకొండు తక్కువ.

"పదకొండంటే ఎంతయ్యా?" అంది వాళ్లమ్మ.
సారు దగ్గర జవాబు లేదు.
నేను గుప్పెడు సున్నం తీసి
నేలకు నాలుగు వేళ్ల ఎత్తు నుంచి వదిలా.
"ఇది రాలేంత."
ఆమె కాసేపు చూసింది.
"ఇంతేనా," అని
కాలితో చెరిపేసి డ్యూటీకి పోయింది.

ఇంకో రెండేళ్లు పరిగెత్తింది.
తొడ నరం పట్టేసింది, రైల్వేలో ఉద్యోగమొచ్చింది,
గుంతకల్లులో ఉంటుంది.
మొన్న టేపు పట్టుకొని వచ్చింది.
గ్రౌండంతా కొలిచి, మళ్లీ కొలిచి,
"అన్నా, రెండొందలని మీరు గీసింది నూట తొంభై ఒకటి," అంది.
నేను తాడు చుట్టుకుంటా ఉన్నా.
"మరి నా ఇరవై ఏడు తొమ్మిది?"
ఏం చెప్పను.
గుట్ట వైపు నుంచి ఫస్టియరు పిల్లలు నలుగురు చూస్తున్నారు.

తాడు మార్చమంటుందనుకున్నా.
చెప్పులిప్పి నా చేతికిచ్చింది.